చేసిన పనికి పైకము పుచ్చుకొను పద్ధతులు

(వెబ్‌సైట్ల పని చేయు యువజనులను, వారిచేత పని చేయించుకొను వర్తకులను ఉద్దేశించి మన సంఘ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీదినుండి మన పిల్లల తెలుగు చదువును గురించియు, పట్టుగూళ్ల ధరలను గురించియు, చెరువుల స్థితిని గురించియు పెద్దలు పలుమార్లు ప్రసంగించియున్నారు. నేడు మేము ఎత్తుకొనిన విషయము వానికంటె చిన్నదిగా తోచవచ్చును. చేసిన పనికి పైకమును ఏ దారిని పుచ్చుకొనవలెననునదే ఆ విషయము. చిన్నదే యైనను, మన యిండ్లలోని పలువురు బిడ్డల జీవనము దీనిమీద ఆధారపడియున్నది.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ఈ మూడు పట్టణములందును కొన్ని యేండ్లుగా ఒక క్రొత్త వృత్తి వేళ్లూనుచున్నది. ఇంటిలో నొక గది, అందొక కంప్యూటరు, ఇంటర్నెట్టు సౌకర్యము, ఇంతియే పెట్టుబడి. ఈ వృత్తివారు బెంగుళూరు కంపెనీల ఉద్యోగులు కారు. ఎవరికి వారే యజమానులు. కల్యాణ మంటపమునకు, పాఠశాలకు, విత్తనముల దుకాణమునకు, వైద్యుని ఆస్పత్రికి వెబ్‌సైట్లు నిర్మించి యిత్తురు. పని నిచ్చువారిలో నొకరు మన వీధిలోనే యుందురు, మరియొకరు హిందూపురమునందో మదనపల్లెయందో యుందురు, వేరొకరు అమెరికాలో నుందురు. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మన తాలూకాలు మైసూరు రాష్ట్రమందే నిలిచినవి. ఆంధ్రపు టెల్ల మనకు కూతవేటు దూరమున నున్నను, మన బేరములు ఆ యెల్లను ఎన్నడును లెక్కింపలేదు. ఇప్పుడు సముద్రములను కూడ లెక్కించుట లేదు.

అయితే ఈ యువజనులు పని నేర్చినంత శ్రద్ధగా వసూలు నేర్వలేదని మాకు తోచుచున్నది. పని పూర్తియై మూడు మాసములు గడచినను పైకము రాక, అడుగుటకు నోరు రాక, మధనపడువారిని మనమందరము ఎరుగుదుము. వసూలు విద్య వర్తకుల యిండ్లలో పుట్టిన విద్య. కావున మాకు తెలిసిన దానిని క్రొత్త కాలపు సాధనములకు అన్వయించి చెప్పుటకు పూనుకొంటిమి.

నాలుగు ప్రశ్నలు

పైకము వచ్చు మార్గములు నేడు పదింటికి తక్కువ లేవు. ఏది మంచిది అని అడిగినచో ఒక్క మాటలో జవాబు లేదు. ప్రతి మార్గమును నాలుగు ప్రశ్నలతో పరీక్షింపవలెను. మొదటిది: వచ్చిన పైకము మనదై నిలుచునా, మరల వెనుకకు పోవు అవకాశమున్నదా? రెండవది: నూటికి ఎంత మధ్యవర్తుల పాలగును? మూడవది: వచ్చిన దానికి, రాని దానికి సాక్ష్యమేమి మిగులును? నాలుగవది: ఇచ్చువానికి ఆ దారి సులువుగా నున్నదా? ఇచ్చువానికి కష్టమైన మార్గమును మనము పట్టుబట్టినయెడల, అదియే అతనికి ఆలస్యము చేయుటకు సాకగును.

చాలమంది నాలుగవ ప్రశ్ననే తలచుకొని, మొదటి మూటిని మరచుచున్నారు. నష్టము అచ్చటనే కలుగుచున్నది.

ముందు షరతు, పిమ్మట మార్గము

మార్గము నెంచుకొనుటకు ముందు షరతును నిర్ణయించుకొనవలెను. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టును చూచినవారికి ఒక సంగతి తెలియును. గూళ్లు మార్కెట్టులో రైతు ముందర నున్నంతవరకు బేరము రైతు చేతిలో నుండును. అవి రీలరు ఇంట మరుగు నీటిలో పడిన పిమ్మట తిరిగి తెచ్చుకొను ఉపాయము లేదు. వెబ్‌సైటును అట్టిదే. అది లోకమునకు తెరవబడి, దాని పాస్‌వర్డులన్నియు పని చేయించుకొనినవాని చేతికి పోయిన పిమ్మట, నిర్మించినవాని చేతిలో మిగులునది ఫోను నంబరొక్కటే. ఏరు దాటినదాక ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య యను సామెత ఊరక పుట్టలేదు.

కావున పైకమును మూడు భాగములుగా పుచ్చుకొనుట మేలు. ఉదాహరణకు ముప్పదివేల రూపాయల పని యనుకొందము. పని మొదలిడుటకు ముందు 12,000 బయానా. రూపురేఖలు చూపి సరేయనిపించుకొనిన దినమున 10,000. సైటు తెరచుటకు ముందు మిగిలిన 8,000. ఈ విధముగా నడిపినచో, ఏ దశలో బేరము చెడినను ఇరువురిలో నెవ్వరును మునిగిపోరు. బయానా ఇయ్యనివాడు చివరి వాయిదాను సంతోషముతో నిచ్చునని నమ్ముటకు మనకు కారణమేమియు కానరాదు.

డొమైను పేరుకును, హోస్టింగునకును అగు ఖర్చు ఈ లెక్కలో చేరరాదు. దానిని మొదటనే పూర్తిగా రాబట్టి, క్లయింటు పేరుననే కొనవలెను. మన జేబులోని డబ్బు పెట్టి మన పేరున కొనిపెట్టినచో రెండు చిక్కులు. పైకము రానియెడల ఆ ఖర్చును మనదే యగును. వచ్చినయెడల, పరుల సొత్తు మన పేరున నిలిచి, ఏటేట గడువు పొడిగించు భారము మన నెత్తిన పడును.

ఈ షరతులన్నియు కాగితముమీద నుండవలెను. ఎన్ని పుటలు, ఎన్ని మారులు దిద్దుబాట్లు, ఏ తేదీకి ఏ వాయిదా, ఏ ఖాతాకు, బ్యాంకు రుసుము ఎవరిది, ఆలస్యమైనచో ఏమి, ఈ ఆరు సంగతులు వ్రాసిన ఒక్క పుట చాలును. క్లయింటు కన్నడిగుడైనచో కన్నడమున, మనవాడైనచో తెలుగున, ఇతరులకు ఇంగ్లీషున వ్రాయుడు. రెండు భాషలు ఎరుగుట మన ప్రాంతమువారికి పుట్టుకతో వచ్చిన మూలధనము. దానిని ఇచ్చట వాడుకొనుడు. ఈమెయిలునందో వాట్సాపునందో "ఒప్పుకొంటిని" అను జవాబు తెప్పించుకొనుట మరువకుడు.

మొగమాటమును గురించి ఒక మాట. బంధువును, తండ్రిగారి స్నేహితుని, గుడి ధర్మకర్తను బయానా అడుగుట మర్యాద కాదని మన పిల్లలు తలచెదరు. ఆహారమందును వ్యవహారమందును మొగమాటము పనికిరాదని పెద్దలు చెప్పియేయున్నారు. "మామా, బయానా ఈ వారము పంపితే సోమవారమునుండి పని మొదలుపెడతాను" అని వినయముగా చెప్పినచో ఏ మేనమామయు కోపగింపడు. కోపగించినచో, ఆ కోపము పని పూర్తియైన పిమ్మట వచ్చుటకంటె ముందే వచ్చుట మేలు కాదా?

నగదు, చెక్కు

ఇక మార్గములు. నగదు చేతిలో పడినయెడల మరల వెనుకకు పోదు, రుసుమును లేదు. కాని సాక్ష్యము లేదు. "ఆ దినమున ఇచ్చితినిగదా" అని అతడును, "లేదు" అని మీరును వాదులాడవలసివచ్చును. నగదు పుచ్చుకొనక తప్పనప్పుడు రసీదు వ్రాసి యిండు, ఆ రోజే చిట్టాలో పద్దు వేయుడు. ఒక వ్యవహారమునకు గాని, ఒక దినమున ఒకే మనుష్యునినుండి గాని 2 లక్షల రూపాయలు, అంతకు పైబడి నగదుగా పుచ్చుకొనుట 2017 ఏప్రిలునుండి చట్టవిరుద్ధము. ఆ జరిమానా పుచ్చుకొనినవానిమీదనే పడును.

చెక్కునకు సాక్ష్యము బలమైనది. అయితే చెక్కు చేతికి వచ్చుట పైకము వచ్చుట కాదు. దానిమీది తేదీనుండి మూడు మాసములలోపల బ్యాంకులో వేయవలెను. నిధులు లేక తిరిగివచ్చినచో 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టములోని 138వ సెక్షను మనకు అండ. బ్యాంకు తెలిపిన దినమునుండి 30 దినములలోపల వ్రాతమూలకముగా నోటీసు నియ్యవలెను. అది అందిన పిమ్మట 15 దినములలోపల అతడు చెల్లింపకున్నచో, ఆపైన ఒక నెలలోపల న్యాయస్థానమున ఫిర్యాదు చేయవలెను. ఈ గడువులలో నొకటి తప్పినను హక్కునకు హాని కలుగును. కావున చెక్కు పుచ్చుకొనువాడు అది ఖాతాలో జమయైన పిమ్మటనే తరువాతి దశ పనికి పూనుకొనవలెను.

బ్యాంకు మార్గములు, యూపీఐ

బ్యాంకునుండి బ్యాంకునకు పంపు మార్గములు మూడు కలవు. ఎన్‌ఈఎఫ్‌టీ 2005నుండి నడచుచున్నది. 2019 డిసెంబరు 16నుండి రాత్రింబవళ్లు, సెలవు దినములందును పనిచేయుచున్నది. ఆర్‌టీజీఎస్ 2 లక్షలు, అంతకు పైబడిన మొత్తములకు మాత్రమే. ఐఎంపీఎస్ 2010లో వచ్చినది, తత్‌క్షణము అందును. ఈ మూటిలో ఏ దారిని వచ్చినను, మన ఖాతాలో జమయైన పైకమును పంపినవాడు తనంతట తాను వెనుకకు లాగుకొనలేడు. ప్రతిదానికి ఒక సంఖ్య యుండును. పదియేండ్ల పిమ్మటనైనను చూపవచ్చును. పుచ్చుకొనువానికి రుసుము లేదు. దేశములోని పెద్ద వాయిదాలకు మేము వీనినే శ్రేష్ఠమని చెప్పుదుము.

యూపీఐ 2016 ఏప్రిలు 11న ప్రారంభమైనది. దీనిని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. చింతామణి మండీలో టీ కొట్టునుండి బాగేపల్లి బస్టాండు పూలకొట్టువరకు దాని పలక వ్రేలాడుచున్నది. బ్యాంకు ఖాతానుండి యూపీఐ ద్వారా వచ్చిన దానికి వర్తకునివద్ద రుసుము తీసికొనరాదని 2020 జనవరినుండి నియమము. సామాన్యముగా దినమునకు లక్ష రూపాయల పరిమితి కలదు గనుక మన యువజనుల వాయిదాలకు ఇది చాలును. ఇచ్చువానికి దీనికంటె సులువైన దారి లేదు. బయానాకు ఇది మిక్కిలి తగినది: ఫోనులో బేరము కుదిరిన నిమిషముననే, మనసు మారకముందే, పైకము చేరును.

పేమెంట్ గేట్‌వే యనునది మరియొకటి. రేజర్‌పే వంటి సంస్థలు ఒక లింకు నిచ్చును. దానిమీద నొత్తి క్రెడిట్ కార్డుతో గాని, నెట్ బ్యాంకింగుతో గాని చెల్లించవచ్చును. రుసుము నూటికి రెండు రూపాయల ప్రాంతమున నుండును, ఆ రుసుముమీద నూటికి 18 జీఎస్‌టీ. మన ముప్పదివేల పనికి 600 రూపాయల రుసుము, 108 పన్ను, వెరసి 708 రూపాయలు పోవును. కార్డుదారుడు తన బ్యాంకునకు ఫిర్యాదు చేసి పైకమును తిరిగి కోరుటకును వీలు కలదు. కావున దూరపు క్లయింటు కార్డుతో తప్ప చెల్లింపనన్నప్పుడు, లేక నెలనెల నిర్వహణ రుసుము తనంతట తాను రావలెనన్నప్పుడు, దీనిని వాడుడు. ఎదుటి వీధి దుకాణదారునకు ఈ దారి చూపుట వృథా వ్యయము.

ఏ మార్గమైనను పైకము మీ పేరిటి ఖాతాకే రావలెను. అన్న ఖాతా, తల్లి ఖాతా, స్నేహితుని యూపీఐ వాడువారున్నారు. రేపు సాక్ష్యము కావలసివచ్చినప్పుడు పని మీది, పైకము పరులది యగును. ఆదాయము వారి లెక్కలో చేరి వారికి చిక్కు తెచ్చును. ఇంటి ఖర్చుల ఖాతా వేరు, పని ఖాతా వేరుగా నుంచుకొనుడు.

2025 నాటి నోటీసులు

ఇచ్చట మన రాష్ట్రమందు జరిగిన ఒక సంగతిని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖవారు, యూపీఐ ద్వారా వచ్చిన మొత్తములను ఆధారము చేసికొని, జీఎస్‌టీ నమోదు లేని చిన్న వర్తకులకు వేలకొలది నోటీసులు పంపిరి. బెంగుళూరులో కొన్ని దుకాణములవారు భయపడి, క్యూఆర్ పలకలు తీసివేసి, నగదు మాత్రమే యని వ్రాసిపెట్టిరి. ఆ నెలలోనే ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు వర్తక ప్రతినిధులతో సమావేశమై, పాత బాకీలను వసూలు చేయబోమనియు, పరిమితి దాటినవారు నమోదు పొందవలెననియు తెలిపిరి.

ఆ వార్త విని మన పిల్లలలో కొందరు, "ఇక నగదే మేలు" అనుకొనిరి. ఇది పొరపాటు. పన్ను పైకము వచ్చిన దారిని బట్టి రాదు. ఏడాదిలో జరిగిన పని విలువను బట్టి వచ్చును. నగదుగా వచ్చినను అది లెక్కలోనిదే. దారి మార్చుటవలన బాధ్యత తప్పదు, సాక్ష్యము మాత్రము పోవును. మన రాష్ట్రమున సేవలకు పరిమితి ఏటికి 20 లక్షల రూపాయలు. ఒకే పాన్ సంఖ్యపై నడచు వ్యాపారములన్నియు, విదేశపు పనియు ఇందు చేరును. ఇంటివద్ద అంగడి కూడ అదే పేరున నున్నవారు ఈ సంగతి గమనింపవలెను. హిందూపురము క్లయింటునకు పని చేసినచో అది అన్యరాష్ట్ర వ్యాపారము గనుక వెంటనే నమోదు కావలెనను భయము కొందరికి కలదు. సేవల విషయమున అట్లు కాదు. 20 లక్షలలోపున్న వారికి 2017నుండియే మినహాయింపు కలదు. నమోదు లేనివారు మాత్రము బిల్లులో జీఎస్‌టీ యని చెప్పి రూపాయి కూడ వసూలు చేయరాదు.

పెద్ద కంపెనీ మీ బిల్లునుండి కొంత మొత్తమును ఆదాయపు పన్నుగా పట్టుకొని మిగిలినది పంపవచ్చును. పని స్వభావమును బట్టి అది నూటికి పదివరకు నుండును. అరువదివేలకు యేబదినాలుగువేలే వచ్చినవని జగడమాడకుడు. ఆ ఆరువేలు మీ పాన్ సంఖ్యమీద జమయైనదా యని ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో సరిచూచుకొని, రిటర్ను వేసినప్పుడు లెక్కకు తెచ్చుకొనుడు. చెల్లవలసిన పన్ను అంతకు తక్కువైనచో మిగిలినది మీకు తిరిగి వచ్చును.

విదేశపు పైకము

విదేశములనుండి పైకము వచ్చు దారులు ముఖ్యముగా మూడు. పేపాల్ సంస్థ 2021 ఏప్రిలు 1నుండి భారతదేశములోపలి చెల్లింపులను మానివేసినది. విదేశమునుండి మనకు వచ్చు వానిని మాత్రము నడుపుచున్నది. అమెరికా క్లయింటునకు ఇది మిక్కిలి సులువు. కాని మన కది ఖరీదైనది. నూటికి నాలుగు డాలర్లకు పైగా రుసుము పోవుటయేగాక, డాలరును రూపాయిగా మార్చు ధరలోను కొంత తరుగు పడును. చెల్లించినవాడు 180 దినములలోపల తగవు లేవదీయవచ్చును. సరుకు పార్సెలు పంపినవానికి తపాలా రసీదు సాక్ష్యమగును. వెబ్‌సైటు నిర్మించినవానికి అట్టి రసీదు లేదు. కావున దీనిని చిన్న మొత్తములకు, క్రొత్త పరిచయములకు మాత్రమే వాడుట మంచిది.

రెండవది బ్యాంకు తంతి, అనగా స్విఫ్టు మార్గము. క్లయింటు తన బ్యాంకునుండి మన బ్యాంకునకు నేరుగా పంపును. నడుమ బ్యాంకులు ఒక్కొక్క పంపకమునకు ఇంతయని రుసుము పట్టుకొనును. అది మొత్తమును బట్టి పెరుగదు గనుక చిన్న మొత్తములకు భారము, పెద్ద మొత్తములకు లాభము. ఒకసారి వచ్చినది సామాన్యముగా వెనుకకు పోదు. ఈ రెండింటికి నడుమ, విదేశమున మన పేర ఒక వసూలు ఖాతా నిచ్చి అచ్చట పుచ్చుకొనిన దానిని రూపాయలుగా పంపు సంస్థలును వచ్చినవి. ఇట్టి సరిహద్దు చెల్లింపుల సంస్థలకు 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ప్రత్యేక నిబంధనలు చేసినది. అందు చేరుటకు ముందు ఆ సంస్థకు అనుమతి కలదా యని చూచుకొనుడు.

మూడవది, పనిని వెదకియిచ్చు అంతర్జాతీయ సంతలు. అప్‌వర్క్ వంటి చోట్ల మొత్తపు ధర కుదిరిన పనికి క్లయింటు ముందుగానే పైకమును మధ్యవర్తివద్ద నిలువ యుంచును. పని ఒప్పుకొనిన పిమ్మట అది మనకు విడుదలయగును. మండీలో దలాలి పూచీపడినట్లే. దలాలివలెనే తన వంతును తీసికొనును. పరిచయము లేని దేశమువానితో మొదటి బేరమునకు ఆ ఖర్చు దండుగ కాదు. పైకము నిలువయైనట్లు తెరపై కనబడనిదే పని మొదలిడకుడు.

ఏ దారిని వచ్చినను, విదేశ ద్రవ్యము వచ్చినట్లు బ్యాంకు ఇచ్చు పత్రమును, దేనికై వచ్చినదో తెలుపు కోడును సరిగా పొందుడు. బంధువు పంపిన కానుకకు వేరు కోడు, కంప్యూటరు సేవకు వేరు కోడు. జీఎస్‌టీ నమోదు పొందినవారు ఏటేట ఎల్‌యూటీ అను పూచీ పత్రము దాఖలు చేసినచో, విదేశపు పనికి పన్ను కట్టకయే పని చేయవచ్చును. ఆ సేవ ఎగుమతియే యని రుజువు చేయుటకు పై బ్యాంకు పత్రమే ఆధారము.

మోసములనుండి కాపు

పైకము పుచ్చుకొనుటకు పిన్ సంఖ్య నొత్తవలసిన పని ఎన్నడును లేదు. పిన్ అడిగినచో అది మీ ఖాతానుండి పోవుటకే. చెల్లించినట్లు ఫోను తెర చిత్రము పంపువారు కలరు; ఆ చిత్రమును నమ్మక, మీ బ్యాంకు ఖాతాలో జమ చూచిన పిమ్మటనే రసీదు వ్రాయుడు. ఇరువదివేలకు బదులు అరువదివేలు పంపి, "పొరపాటైనది, నలువదివేలు వేరొక ఖాతాకు తిప్పి పంపుడు" అనువాడు దాదాపు దొంగయే. ఆ పైకము ఎవరినో మోసగించి తెచ్చినదై యుండును. పోలీసుల ఆదేశముపై మీ ఖాతా స్తంభించును. అట్టివేళ మీరుగా తిప్పి పంపక బ్యాంకునకు తెలుపుడు. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయుడు. మొదటి గంటలలో తెలిపినచో పైకము ఆగు అవకాశమెక్కువ.

బాకీ పడినప్పుడు

ఇంత చేసినను బాకీ పడవచ్చును. అప్పుడు కోపముతో, అతని సైటును మూసివేయుటయో చెడగొట్టుటయో చేయుట తగదు. అతని స్వాధీనములోని దానిలోనికి పాత పాస్‌వర్డుతో దూరినచో, బాకీదారుడు ఫిర్యాదియై, మీరు ముద్దాయి యగుదురు. అందులకే చివరి వాయిదా రాకముందు సైటును అప్పగింపవలదని మొదటనే చెప్పితిమి.

చట్టమార్గము వేరే కలదు. 2020 జూలై 1నుండి చిన్న సంస్థల నమోదు ఉద్యమ్ పోర్టల్‌లో జరుగుచున్నది. దానికి రుసుము లేదు. ఒక్కడే పనిచేయు వెబ్ డిజైనరును చేరవచ్చును. 2006వ సంవత్సరపు చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము, నమోదుగల చిన్న సంస్థనుండి సేవ పొందినవాడు ఒప్పుకొనిన గడువులో చెల్లింపవలెను. ఆ గడువు 45 దినములకు మించరాదు. వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిచో 15 దినములే. తప్పినచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడు రెట్లు, నెలనెల చక్రవడ్డీతో నియ్యవలెను. తగవు తీర్చుటకు రాష్ట్రమందు ప్రత్యేక మండలియు కలదు. ఈ నమోదును బేరము కుదుర్చుకొనుటకు ముందే చేసికొనుడు, బిల్లుమీద ఆ సంఖ్యను వ్రాయుడు. మండలికి పోకయే, ఆ సంఖ్య చూచియే పైకము పంపు కంపెనీలు గలవు.

వర్తక సోదరులకు

ఇప్పటివరకు చిన్నవారికి చెప్పితిమి. ఇక మన వర్తకులకు, పెద్దలకు ఒక విన్నపము. ఈ పిల్లల బాకీదారులలో బెంగుళూరువారికంటె, అమెరికావారికంటె, మనవారే యెక్కువగా నున్నారనుట మనకు గౌరవము కాదు. మండీలో టొమాటో తూకమైన సాయంత్రమే మనము చీటీ, పైకము అడుగుదుము. గూళ్లు వేలమైన దినముననే రైతు పైకము కోరును. అది న్యాయమని ఒప్పుకొందుము. ఆ న్యాయమే మన బిడ్డ పదునైదు రాత్రులు కూర్చుండి చేసిన పనికి ఎందులకు వర్తింపరాదు? చేతితో తాకుటకు వీలు లేని సరుకు గనుక దానికి వెల లేదనుకొనుట పాత అలవాటు. మన దుకాణము పేరు వెదకి హిందూపురమునుండి గిరాకి వచ్చినప్పుడు ఆ సరుకు వెల మనకు తెలియుచున్నది కదా!

"మనవాడేగదా, పండుగ వెళ్లనిమ్ము" అనుట సులువు. ఆ మాట నలుగురు మనవారు అనునప్పటికి, ఆ యువకుడు గదికి తాళము వేసి, తెల్లవారుజామున బెంగుళూరు బస్సెక్కును. అతనితో అతని సంసారము, అతని పిల్లల తెలుగు మాట కూడ ఊరు విడుచును. ఊరిలో తెలుగు నిలువవలెనని తీర్మానములు చేయు మనము, ఊరిలో నిలిచి బ్రదుకువానికి బిల్లు చెల్లింపకున్నచో ఆ తీర్మానములకు విలువ యేమి? పైగా చట్టము కూడ మనకు లాభము చూపుచున్నది: నమోదుగల చిన్న సంస్థకు గడువులో చెల్లింపని బాకీని ఆ యేటి ఖర్చుగా చూపుకొనుట చెల్లదు; చెల్లించిన యేటనే చెల్లును.

కావున ఈ సభముందు రెండు సూచనలు పెట్టుచున్నాము. ఒకటి: పని ఒప్పందమునకు ఒక పుట నమూనా పత్రమును తెలుగు, కన్నడ భాషలందు మన సంఘము సిద్ధము చేయించి, అడిగినవారి కెల్ల ఇయ్యవలెను. రెండు: మన సభ్యులలో వర్తకులైన వారు ఎవరిచేత వెబ్‌సైటు పని చేయించుకొనినను, బయానా ముందుగాను, మిగిలినది సైటు తెరచుటకు ముందుగాను ఇత్తుమని ఒప్పుకొనవలెను. మా అంగడి తరఫున ఈ రెండవ దానికి మేము ఇప్పుడే సమ్మతి తెలుపుచున్నాము.

యువమిత్రులారా! పెద్ద వాయిదాకు బ్యాంకు మార్గము, బయానాకు యూపీఐ, దూరపు కార్డునకు గేట్‌వే, పరిచయము లేని విదేశీయునకు మధ్యవర్తి నిలువ, పరిచితుడైన విదేశీయునకు బ్యాంకు తంతి. ఇది మా సలహా సారాంశము. ఆ రోజు పద్దు ఆ రోజే వ్రాయుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు, కావున అడుగుడు. అడుగుటకు తగిన పని మీరు చేసియే యున్నారు.